గొయ్యి ఖాళీ లేదు

మార్కాపురం నందనవన ఉద్యాన మిత్ర సంఘం ప్రచార కార్యదర్శి హోదాలో పుర ప్రజలకు తెలియజేయునది ఏమనగా, నిరుడు జూన్‌లో మా మొక్కలు నాటే మహోత్సవం చిక్కుల్లో పడిన మాట నిజమే. అందుకు కారణం ఎండ కాదు, నిధుల కొరత కాదు, సభ్యుల మధ్య విభేదాలు అంతకంటే కాదు. అంతకు ముందు నాటిన మొక్క చావలేదు. అంతే.

మొక్క బతికితే ఉద్యాన సంఘానికి చిక్కేమిటని అడిగేవారు బహుశా ఇంతవరకు ఏ సంఘంలోనూ సభ్యులుగా ఉండి ఉండరు. వారి కోసం మొదటి నుంచి చెబుతాను. విషయం తెలిసినవారు తెలియనట్టు కూర్చుంటే చాలు. మన సభల్లో అందరికీ అలవాటైన పనే కదా.

మా సంఘానికి ఒక వార్షిక కార్యక్రమం ఉంది. ఏటా నున్నటి కాగితం మీద, రంగుల్లో, అట్ట మీద తులిప్ పూలతో అచ్చవుతుంది. తులిప్ పువ్వును మాలో ఎవరూ కళ్లారా చూడలేదు. తంగేడు పువ్వు వేద్దామని ఒక సభ్యుడు అన్నాడు గానీ, రోడ్డు పక్కన ఉచితంగా పూసే పువ్వును అట్ట మీదికి ఎక్కిస్తే సంఘం స్థాయి ఏం కావాలని కార్యవర్గం ఆయన్ని మందలించింది.

జనవరిలో ‘శీతల ప్రదేశాలలో గులాబీల సంరక్షణ’ మీద ఉపన్యాసం. మంచు కురిసే రాత్రుల్లో గులాబీ కొమ్మలకు గోనెపట్టా ఎలా చుట్టాలో వక్త చేసి చూపించారు. చెమటలు తుడుచుకుంటూ మేమంతా శ్రద్ధగా విన్నాం. ఫిబ్రవరిలో బోన్సాయ్ శిక్షణ. పెద్ద చెట్టును ఎదగకుండా చిన్నదిగానే ఉంచే విద్య నేర్పడానికి హైదరాబాదు నుంచి ఒక నిపుణురాలు వచ్చారు. మా సభ్యుల డాబాలెక్కి కుండీలు చూసి, ఇక్కడ మామిడి, జామ, సపోటా అన్నీ మోకాలెత్తులోనే ఆగిపోయి ఉండటం గమనించి, ఇంత నైపుణ్యం తాను ఎక్కడా చూడలేదని చేతులు జోడించారు. కుళాయి ఎప్పుడొస్తుందో దేవుడికీ, దాన్ని తిప్పే ఆయనకీ తప్ప తెలియని ఊళ్లో ఈ విద్య పుట్టుకతోనే వస్తుందని ఆమెకు మేం చెప్పలేదు. పొగడ్తను కాదనడం మర్యాద కాదు.

మార్చిలో పుష్ప ప్రదర్శన. కడియం నర్సరీల నుంచి పూల కుండీలతో లారీ వస్తుంది. సభ్యులు తమకు నచ్చిన కుండీ దించుకుని, దానికి తమ పేరున్న చీటీ గుచ్చుతారు. నిరుడు ఒకే బంతి కుండీ మీద ఇద్దరు సభ్యుల చీటీలు ఉండటంతో న్యాయనిర్ణేతలు చాలాసేపు ఆలోచించి, ఆ బంతికే ప్రథమ, ద్వితీయ బహుమతులు రెండూ ఇచ్చారు. ప్లాస్టిక్ చామంతికి ‘నిరంతర పోషణ’ విభాగంలో ప్రత్యేక బహుమతి దక్కింది. ఏప్రిల్‌లో నీటి పొదుపు సదస్సు. ఒక్క చుక్క కూడా వృథా కారాదని ఏకగ్రీవంగా తీర్మానించి, సగం తాగిన నీళ్ల సీసాలకు మూతలు గట్టిగా బిగించి చెత్తబండిలో వేశాం. మేలో ఊటీ అధ్యయన యాత్ర. అక్కడ చెట్లు బాగున్నాయని సభ్యులు తేల్చారు.

ఇక జూన్. పర్యావరణ దినోత్సవం నాడు మొక్కలు నాటే మహోత్సవం. మా సంఘానికి ప్రాణం లాంటిది ఇదే.

ఇక్కడ మా నేల గురించి ఒక మాట చెప్పాలి. దేశంలో పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకలు మా ఊరి నేలలోంచి వచ్చినవే. అంత పేరున్న నేల పారకు లొంగదు. పార వేస్తే ఠంగుమని మన చెయ్యే జివ్వుమంటుంది. అందుకని సంఘం పెట్టిన కొత్తలో మా అధ్యక్షుడు ఆదిశేషు గారు, స్వయంగా పలకల వ్యాపారి కాబట్టి, క్వారీ నుంచి రాయి తొలిచే కంప్రెసర్ తెప్పించి, కంభం రోడ్డులో మా సంఘ భవనం ముందు ఒక గొయ్యి కొట్టించారు. ఆ దెబ్బకు పక్కింటి అద్దాలు పగిలాయి, ఎదుటింటి ముసలాయనకు గుండె దడ పట్టుకుంది. రెండో గొయ్యి ప్రస్తావన మళ్లీ రాలేదు. ఆ ఒక్క గోతిలోనే ఏటా ఒక ముఖ్య అతిథి ఒక మొక్క నాటుతూ వస్తున్నారు. భవనం గోడ పొడవునా వారి పేర్లతో శిలాఫలకాలున్నాయి. అన్నీ ఆదిశేషు గారి ఫ్యాక్టరీలో చెక్కినవే. వాటిలో ఒక్కటి కూడా ఎండిపోలేదు.

మరి ఏటా గొయ్యి ఎలా ఖాళీ అవుతుందని మీరు అడగవచ్చు. అర్ధవీడు దిక్కు నుంచి ఎర్రయ్య తన మేకల్ని తోలుకుని ఈ దారినే సంతకు వచ్చేవాడు. అతిథి గారి కారు ఊరు దాటిన ఒకటి రెండు రోజులకు మేకలు వచ్చేవి. మొక్క పోయేది. ఎవరూ రాసుకోని ఒప్పందం ఇది. రాసుకున్నవాటికంటే నమ్మకంగా జరిగేది. మా సంఘంలో చందా కట్టకుండా, సన్మానం అడగకుండా, ఏటా తమ వంతు పని చేసినవి ఆ మేకలేనని నేను ఏ వేదిక మీదైనా చెప్పగలను.

అలాంటి చక్కటి ఏర్పాటుకు మూడు అవాంతరాలు ఒకేసారి వచ్చి పడ్డాయి. మొదటిది, ఒక ఏడాది ఎన్నికల కోడ్ వచ్చి మహోత్సవం జరగలేదు. రెండోది, వానల్లేక ఎర్రయ్య మేకలు మా దారి తొక్కలేదు. మూడోది కాశమ్మ.

కాశమ్మ టీ బండి బస్టాండు దగ్గర ఉండేది. రోడ్డు వెడల్పు అంటూ అక్కడి నుంచి తోసేస్తే, ఆమె బండిని తెచ్చి మా గొయ్యి పక్కన పెట్టుకుంది. గ్లాసులు కడిగిన నీళ్లు గోతిలో పోసింది. ఆ నీళ్లలో ఇంత పాలు, ఇంత చక్కెర, ఇంత టీ పొడి. గోతిలో చివరిసారి నాటిన బాదం మొక్క ఆ రుచి మరిగింది. రెండు వేసవులు తిరిగేసరికి భవనం సజ్జా అంత ఎత్తు లేచి, గొడుగులా కొమ్మలు పరిచి, టీ బండినీ దాని చుట్టూ నిలబడిన జనాన్నీ నీడలోకి తీసుకుంది.

ఇదంతా మా భవనం ముందే జరిగినా మేం గమనించలేదు. మొక్కను నాటేటప్పుడు చూడటం మాకు అలవాటు. తర్వాత చూడటం కార్యక్రమంలో లేదు. చివరికి గమనించింది మా కార్యదర్శి అరుణకుమారి గారు. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతారు. నిరుడు మహోత్సవానికి షామియానా కొలతలు చూడటానికి వచ్చి, ఎండకు తాళలేక కాశమ్మ బండి దగ్గర నిలబడి టీ తాగారు. సగం తాగాక తాను నీడలో ఉన్నట్టు ఆమెకు అర్థమైంది. తలెత్తి చూసి కేక పెట్టారు. ఆ కేక విని నేను భవనంలోంచి పరుగెత్తుకుంటూ వచ్చాను.

వెంటనే అత్యవసర సమావేశం జరిగింది. శిలాఫలకం అప్పటికే చెక్కడం అయిపోయింది. వస్తున్నది జిల్లా స్థాయి అధికారి. ఆయన మెచ్చుకుంటే ‘ఉత్తమ హరిత సంఘం’ బిరుదు మాకే. ఆ బిరుదు కోసం ఆదిశేషు గారు ఎన్నో ఏళ్లుగా నిద్ర మానుకుని ఉన్నారు. ఆయన లేచి ఇలా ప్రసంగించారు.

“సభ్య మిత్రులారా! ఈ సంఘం చరిత్రలో ఇంతటి నిర్లక్ష్యం ఎన్నడూ జరగలేదు. మనలో ఎవరో ఒకరు ఈ మొక్కకు నీళ్లు పోసినారు. ఎవరో పైకి లేచి ఒప్పుకుంటే సంఘం క్షమిస్తుంది. ఒప్పుకోకుంటే విచారణ తప్పదు.”

సభ్యులు ఒక్కొక్కరే లేచి, తాము ఈ మొక్కకు గానీ, జీవితంలో మరే మొక్కకు గానీ నీళ్లు పోసి ఎరగమని ప్రమాణం చేశారు. ఒక ఉద్యాన సంఘంలో ఇంత నిజాయితీ ఒక్కసారిగా పొంగడం చూసి నా కళ్లు చెమర్చాయి. సరే, కాశమ్మను పిలిపించారు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

“ఏం కాశమ్మక్కా, ఆ చెట్టుకు నీళ్లు పోసింది నువ్వేనంటనే?” అన్నారు ఆదిశేషు గారు.

“నేను పొయ్యలేదు సారూ! మా అమ్మ తోడు. గ్లాసులు కడిగి ఆడ పారబోసినా, అంతే. చెట్టుకని పోసిందైతే లేదు.”

“పారబొయ్యడానికి మా గొయ్యే దొరికిందా?”

“రోడ్డు మీద పోస్తే చెత్తబండాయన తిట్టినాడు. కాలవలో పోస్తే ఆ దుకాణమాయన తిట్టినాడు. ఈ గొయ్యి ఎవురిదీ కాదులే అనుకున్నా. ఎన్నడూ ఎవురూ దీని మొగం చూసిందీ లేదు గద సారూ.”

ఈ మాటకు అధ్యక్షుల వారు మంచినీళ్లు అడిగి తాగారు. చెట్టు తీసేసే ఆలోచన ఉందని అరుణకుమారి గారు మెల్లగా చెప్పేసరికి కాశమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది.

“అట్లనొద్దు మేడమ్మా! ఎండలో బండి పెడితే పాలు విరిగిపోతయి, మనిషనేటోడు ఆగడు. ఈ నీడ ఉండబట్టి నాలుగు టీలు అమ్ముకుంటుండా. బస్టాండు కాడ్నుంచి తోసినారు. ఈడ్నుంచి గూడ తోస్తే యాడికి పోవాల? నన్ను తిట్టండి, పడతా. చెట్టు జోలికి పోవద్దండమ్మా.”

ఆమె మాటల్లో న్యాయముందని అందరికీ అనిపించింది. అయితే న్యాయం అనే అంశం ఆనాటి ఎజెండాలో లేనందున సభ ముందుకు సాగింది.

తర్వాత ఎర్రయ్యకు కబురు పోయింది. ఆయన భుజాన కంబళి వేసుకుని బిక్కుబిక్కుమంటూ వచ్చాడు. ఊళ్లోవాళ్లు మేకల ఆసామిని పిలిపించారంటే ఏదో చేను మేసిందనే అర్థం. “ఏంది నాయనా, ఏమన్నా తప్పు జరిగినాదా? మా మ్యాకలు ఈ పక్కకు రానే లేదే” అన్నాడు.

“అదే మామా తప్పు!” అని బల్ల గుద్దారు ఆదిశేషు గారు. “ఎందుకు రాలేదు? ఏటా వచ్చేవి ఈ రెండేండ్లు యాడికి పోయినాయి?”

“మనకాడ మ్యాత ఏడుండాది నాయనా? జీవాల్ని తోలుకోని కృష్ణా పక్కకు పోయినా. ఆడ చేన్లు కోసినాక రోంత గడ్డి దొరుకుతాది.”

“పోయేముందు మాకొక మాట చెప్పొద్దా? మేము నీ మీదనే ఆధారపడి ఉంటిమి గదా!”

తన మేకలు మేయనందుకు తిట్లు తిన్న మొదటి కాపరి ప్రపంచంలో ఎర్రయ్యే అయి ఉంటాడు. ఆయన ముందు నవ్వాలో భయపడాలో తెలియక చూశాడు. చివరికి జాలిపడి, మర్నాడే మేకల్ని తోలుకొచ్చి చెట్టు కింద వదిలాడు. కార్యవర్గమంతా వరండాలో కుర్చీలు వేసుకుని ఆశగా కూర్చుంది. మేకలు తలలెత్తి కొమ్మల్ని చూశాయి. అందవని తేల్చుకుని, నీడ చల్లగా ఉండటంతో కాళ్లు ముడుచుకుని పడుకుని నెమరువేశాయి. ఎర్రయ్య కూడా ఒక టీ చెప్పి వాటి పక్కనే కూర్చున్నాడు. ఇద్దరు సభ్యులు కేకలేసి ప్రోత్సహించినా లాభం లేకపోయింది.

ఇక మిగిలింది గొడ్డలి. ‘మొక్క నాటేందుకు వీలుగా చెట్టు తొలగింపు’ అనే తీర్మానం చప్పట్ల మధ్య ఆమోదం పొందింది. అనుమతి కోసం దరఖాస్తు కూడా తయారైంది. తీరా చూస్తే దాని మీద సంతకం పెట్టాల్సింది మొక్క నాటడానికి వస్తున్న ముఖ్య అతిథి గారే. ఆదిశేషు గారు దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, ఆ పూట అన్నం తినలేదు.

మహోత్సవం రోజు రానే వచ్చింది. ఉదయం రావాల్సిన అతిథి గారు సంప్రదాయం ప్రకారం మిట్టమధ్యాహ్నం వచ్చారు. షామియానా కింద ఆవిరి పొయ్యిలా ఉంది. కారు దిగిన ఆయన వేదిక వైపు ఒక్క అడుగు వేసి, ఆగి, చటుక్కున తిరిగి బాదం చెట్టు కిందికి వెళ్లిపోయారు. కాశమ్మ గ్లాసు రెండుసార్లు కడిగి టీ ఇచ్చింది. ఆయన తాగి, ఇంకోటి అడిగి, తలెత్తి చూసి, “ఎంత చల్లగా ఉందండీ! ఇది ఎవరు నాటారు?” అన్నారు.

మేమంతా ఆదిశేషు గారి వైపు చూశాం. ఆపదలో ఆయన బుర్ర ఎంత చురుకో ఆనాడే నాకు తెలిసింది.

“మీరే సార్” అన్నారు.

“నేనా? ఎప్పుడు?”

“ఇప్పుడే సార్. ఇంక నాటబోతున్నారు.”

అతిథి గారు క్షణం ఆలోచించారు. ఎండ వైపు చూశారు. నీడ వైపు చూశారు. అనుభవజ్ఞుడు. చెయ్యి చాపారు. వెండి పూత పూసిన పార ఆ చేతిలో పెట్టాం. ఆయన చెట్టు మొదట్లో చిటికెడు మట్టి వేసి ఫోటోకు నవ్వారు. శిలాఫలకం తెర లాగారు. పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత ఆయన చేసిన ప్రసంగం మా సంఘ చరిత్రలో నిలిచిపోతుంది.

“ఈ నేల మహిమ అలాంటిది! నాటిన నిమిషంలోనే నీడనిచ్చే మొక్కను నా సర్వీసులో ఇదే మొదటిసారి చూడటం. మిగతా సంఘాలు మార్కాపురాన్ని చూసి సిగ్గు తెచ్చుకోవాలి. ఇలాంటి మొక్కలు ఊరూరా నాటితే కరువు దానంతట అదే పారిపోతుంది!”

మాకు బిరుదు వచ్చింది. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. ఆ ఫోటో గ్రూపుల్లో తిరిగి మీ ఫోనుకు కూడా చేరే ఉంటుంది. మీలో చాలామంది దాని కింద చప్పట్ల బొమ్మ పెట్టారు, కొందరు రెండు చేతుల దండం కూడా పెట్టారు. అంత పెద్ద చెట్టును నిన్న ఎలా నాటారని ఒక్కరూ అడగలేదు. మా సంఘం తరఫున కృతజ్ఞతలు. గిద్దలూరు నుంచీ దర్శి నుంచీ ఉద్యాన సంఘాల వారు వచ్చి, ఈ తక్షణ నాటు పద్ధతిని అధ్యయనం చేసి, టీలు తాగి వెళ్లారు. కాశమ్మ బండి దగ్గర నిలబడే చోటు దొరకలేదు. చెట్టు బతికిందని ఆమె ఆ రోజు నాకు డబ్బులు తీసుకోకుండా టీ ఇచ్చింది. నిజం చెబుతున్నాను, నాకు చాలా సంతోషమేసింది. కథ ఇక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది!

కానీ బిరుదు తెచ్చిన చెట్టును ఊరికే వదిలేస్తే మాకు కృతజ్ఞత లేదనుకుంటారు కదా. అందుకని వృక్ష సన్మానం తలపెట్టాం. మాను చుట్టూ పట్టు శాలువా కప్పాం. గజమాల వేశాం. కొమ్మలకు మేకులు దిగ్గొట్టి సభ్యుల ఫ్లెక్సీలు తగిలించాం. ఇంతటి చెట్టుకు మట్టిలో నిలబడే గతి పట్టకూడదని, గొయ్యి పూడ్చి, నడుమెత్తు దాకా సిమెంటుతో దిమ్మె కట్టి, ఆదిశేషు గారి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నల్లటి పలకలు నాలుగు వైపులా అతికించాం. వాటి మీద కార్యవర్గం పేర్లన్నీ బంగారు రంగులో ఉన్నాయి. సిమెంటు కింద వేళ్లకు గాలి, నీరు ఎలా అందుతాయని అరుణకుమారి గారు ఒక్కసారి అడిగారు. ఆమె పేరు పెద్ద అక్షరాల్లో వేయించాక మళ్లీ అడగలేదు.

ఇక ఫోటో తీయబోతే ప్రతిసారీ టీ బండి అడ్డొచ్చింది. బండి తీస్తే తప్ప పేర్లు కనబడవు. మేం ఎవరినీ తోసేసే రకం కాదు. కాశమ్మను అదే వేదిక మీదికి పిలిచి, ‘హరిత మాత’ అనే బిరుదిచ్చి, ఆమెకూ శాలువా కప్పి, చప్పట్ల మధ్య బండిని నలుగురం కలిసి గౌరవంగా పక్క వీధి మలుపు దాకా నెట్టుకెళ్లి వదిలిపెట్టాం. “ఈ గుడ్డ నాకేం జేసుకోవాల సారూ, ఆ నీడ చాలునంటిని గదా” అని ఆమె అంటుండగా మైకులో వందన సమర్పణ మొదలైంది. ఆ మాట ఎవరికీ వినబడలేదు. నాకు వినబడింది.

చలికాలం దాటేసరికి ఆకులు ఎర్రబడి రాలాయి. బాదం ఆకు రాల్చడం సహజమని అరుణకుమారి గారు ప్రకటించారు. కొత్త ఆకు రాలేదు. ఆమె మరో ప్రకటన చేయలేదు. ఏప్రిల్‌లో, సరిగ్గా నీటి పొదుపు సదస్సు జరుగుతుండగా, పెద్ద కొమ్మ విరిగి ఫ్లెక్సీతో సహా కింద పడింది. ఒక నిమిషం మౌనం పాటించాం. సిమెంటు పగలగొట్టి మాను పీకించాం. ఎండిన దానికి అనుమతి అక్కరలేదు. శాలువా మాత్రం చెక్కుచెదరలేదు. ఉతికించి భద్రపరిచాం.

కనుక పుర ప్రజలకు సంతోషంతో తెలియజేయునది ఏమనగా, గొయ్యి ఇప్పుడు ఖాళీగా ఉంది. వచ్చే జూన్‌లో మహోత్సవం యథావిధిగా జరుగుతుంది. ఎర్రయ్య మేకలు కూడా కృష్ణా పక్క నుంచి తిరిగొచ్చాయి. తులిప్ పూలతో వార్షిక కార్యక్రమం అచ్చుకు వెళ్లింది.

మొన్న నేను టీ కోసం ఆ మలుపు దాటి వెతుక్కుంటూ వెళ్లి, ఇంకో వీధిలో కాశమ్మను పట్టుకున్నాను. ఒక మొండి గోడ వారగా, నెత్తిన తడిగుడ్డ వేసుకుని, ఎండలోనే బండి పెట్టుకుంది. పాలు రెండుసార్లు విరిగాయని చెప్పింది. గ్లాసు కడిగి నీళ్లు గోడ మొదట్లో పోసింది. అక్కడ రాతి సందులో నా వేలంత ఎత్తున ఏదో పచ్చగా కనిపించింది. నేను వంగి చూడబోతే ఆమె గబుక్కున బక్కెట్టు అడ్డం పెట్టింది.

“నీకు దండం పెడతా సారూ” అంది. “దీన్ని మీ సంఘమోళ్లకు చెప్పబాకు.”

చెప్పలేదు. ఆ వీధి పేరు మీక్కూడా చెప్పను. మీరు నాకంటే మంచివారేమీ కాదు, మీ ఫోనులో ఆ చప్పట్ల బొమ్మ ఇంకా ఉంది. మీ ఊళ్లో ఎక్కడైనా ఎవరి పేరూ లేకుండా ఒక చెట్టు బతుకుతుంటే, దాని నీడలో నిలబడి టీ తాగి, మాట్లాడకుండా వెళ్లిపోండి. ఫోటో మాత్రం తీయకండి. తీస్తే పంపుతారు. పంపితే మేం వస్తాం. శాలువా ఉతికి మడతపెట్టి సిద్ధంగా ఉంది.